మా వాడి డ్రాఫ్టు, నా పెన్సిలు



ఆవకాయ గురించి రాసిన వారం తర్వాత నాకు ఎక్కువ ఉత్తరాలు వచ్చింది, ఎదిగిన మగపిల్లలు ఇంట్లో నోరు విప్పరేమిటి అని రాసిన వారానికే. "మా వాడూ అంతేనండీ, అన్నం పెట్టనా అంటే ఊఁ, చాలా అంటే ఊఁ" అని ఒకావిడ రాశారు. చదివి నవ్వుకున్నాను. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే అప్పటికి మా పెద్దాడు ఆ ఊఁ అనడం కూడా మానేశాడు.

ఈ వారం వంట లేదు. చివర్లో పునుగుల మాట వస్తుంది గానీ, కొలతలు మీకు తెలిసినవే. ఈ వారం నేను చెప్పబోయేది ఒక ఆట. ఆట అంటే ఆడేది కాదు, కాగితం మీద రాసేది. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌కి సంబంధించింది. "మాకెందుకమ్మా అవన్నీ" అని పేజీ తిప్పకండి. ఆరు నెలల క్రితం వరకూ నేనూ ఆ మాటే అనేదాన్ని అని అబద్ధం చెప్పను, పన్నెండేళ్ళుగా అంటూనే వచ్చాను.

మేం డల్లాస్ పక్కన ఉంటామని మీకు తెలుసు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన వాళ్ళు కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, తలకి ఇనప కచ్చడంలాంటి టోపీ, ఒకళ్ళనొకళ్ళు గేదెల్లా గుద్దుకోవడం. ఆదివారం వచ్చిందంటే మావారూ, మా వాడూ సోఫాలో. నేను ఆ పక్కనే బట్టలు మడత పెట్టుకుంటూ ఉండేదాన్ని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

2024 నవంబరులో మా వాడు స్కూల్లో బాస్కెట్‌బాల్ జట్టుకి ప్రయత్నించాడు. గోడ మీద పేర్లు అంటించారు. వీడి పేరు లేదు. సాయంత్రం వచ్చి, "రాలేదు" అన్నాడు, అంతే. "పోనీలేరా, చదువుకో" అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ మాట అనకుండా ఉండాల్సింది. అప్పట్నుంచి తలుపు వేసుకుని గదిలోనే. అన్నం ప్లేటు తీసుకుపోవడం, ఖాళీ ప్లేటు సింకులో పెట్టడం.

మార్చిలో ఒకరోజు దుప్పట్లు మారుస్తుంటే దిండు కింద నోటుపుస్తకం కనిపించింది. తెరిస్తే అన్నీ ఊళ్ళ పేర్లు, పక్కన మనుషుల పేర్లు, బాణం గుర్తులు, వేలల్లో అంకెలు, కొట్టివేతలు. మర్నాడు లెక్కల పరీక్ష. నాకు గుండె జారిపోయింది. ఇదేదో పందేల లెక్క, పిల్లాడు జూదంలో పడ్డాడు అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. చింపేశాను. నిలువునా చింపి కాగితాల డబ్బాలో వేశాను. మర్నాడు తెల్లారేసరికి చెత్తబండి వచ్చి పట్టుకుపోయింది కూడా.

వాడొచ్చి వెతికాడు. అడిగాడు. చెప్పాను. నా మొహంకేసి చూశాడు, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఒక్క మాట అనలేదు. రెండు తిట్టినా బాగుండేది.

రాత్రి మావారు, "అది పందెం కాదు. మాక్ డ్రాఫ్ట్ అంటారు దాన్ని. రెండు నెలల నుంచి రాస్తున్నాడు, నాకు చూపించాడు" అన్నారు. చింపినందుకు ఎంత బాధపడ్డానో, నాకు చూపించలేదే అని అంతా బాధపడ్డాను. కొత్త నోటుపుస్తకం కొని వాడి బల్ల మీద పెట్టాను. మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు. నాలుగో రోజు నేను వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తుంటే వచ్చి కూర్చున్నాడు, చేతిలో రెండు పెన్సిళ్ళు. "నేర్చుకుంటావా?" అన్నాడు. "నేర్పుతావా?" అన్నాను. "పెన్ను పనికిరాదమ్మా, చెరపాల్సి వస్తుంది" అన్నాడు. నాలుగు నెలల్లో వాడు నాతో చెప్పిన అతి పొడుగు వాక్యం అదే.

ఇక విషయంలోకి వద్దాం. అమెరికాలో ఎన్.ఎఫ్.ఎల్. అని ఫుట్‌బాల్ సంఘం. అందులో 32 జట్లు. ఏటా ఏప్రిల్ చివర్లో కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని ఈ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఏడు రౌండ్లు, మూడు రోజులు. గురువారం రాత్రి మొదటి రౌండు, శుక్రవారం రెండూ మూడూ, శనివారం మిగిలినవి. 2025లో మొత్తం 257 మందిని పిలిచారు. హైస్కూలు అయి మూడేళ్ళు గడిస్తే గానీ కుర్రాడు దీనికి అర్హుడు కాడు.

మన ఐ.పి.ఎల్. వేలం మీరు టీవీలో చూసే ఉంటారు. అక్కడ డబ్బున్నవాడు పాట పెంచుతాడు. ఇక్కడ పాట లేదు, వంతే. ఆ వంతులోనే ఉంది తమాషా. మన పంక్తి భోజనాల్లో చివర కూర్చున్నవాడి విస్తట్లోకి గారెలు వచ్చేసరికి బుట్ట ఖాళీ. ఇక్కడ చివరివాడికే ముందు వడ్డన. కిందటి ఏడాది అన్నిటికంటే ఎక్కువ ఓడిన జట్టుకి మొదటి వంతు, సూపర్ బౌల్ గెలిచిన జట్టుకి 32వ వంతు. ఎప్పుడూ బలమైనవాడే బలపడిపోకూడదని.

ఈ ఏర్పాటు ఆలోచించినాయన బెర్ట్ బెల్. ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు యజమాని. తన జట్టే అట్టడుగున ఉందిలెండి, కడుపు మండినవాడికే కదా ఉపాయం తడుతుంది. మొదటి డ్రాఫ్టు 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోనే ఒక హోటల్లో జరిగింది. తొమ్మిది జట్లు, నల్లబల్ల మీద 90 పేర్లు. అందరికంటే ముందు పిలిచింది జే బెర్వాంగర్ అనే కుర్రాణ్ణి. తీరా చూస్తే ఆ అబ్బాయి ఈ ఆటలో ఒక్క మ్యాచీ ఆడలేదు, వేరే ఉద్యోగం చూసుకున్నాడు. మొదటి సంబంధమే తప్పిపోయిందన్నమాట.

మాక్ డ్రాఫ్ట్ అంటే ఆ రోజు రాకముందే ఏ జట్టు ఎవర్ని పిలుస్తుందో మనం ఇంట్లో కూర్చుని రాసుకోవడం. టీవీ వాళ్ళు, పత్రికల వాళ్ళు దీన్ని ఉద్యోగంగా చేస్తారు. మెల్ కైపర్ అనే ఆయన 1984 నుంచి టీవీలో ఇదే పని. మనం చేసుకునేది సరదాకి. మొదటిసారి మొదటి రౌండు చాలు, అంటే 32 పేర్లు. ఏడు రౌండ్లూ రాస్తానని కూర్చుంటే ఇల్లు వాకిలి చూసుకోలేం.

కావలసినవి ఒక పొడుగు నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు, వారం రోజుల సాయంత్రాలు. ఎడమ పక్కన 1 నుంచి 32 దాకా అంకెలు వేసి, జట్ల పేర్లు వరుసలో ఎక్కించాలి. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అయిపోయాక ఈ వరుస ఖాయమవుతుంది. గెలుపోటములు సమానమైతే, ఎవరి ప్రత్యర్థులు బలహీనమో వాళ్ళకి ముందు వంతు. 2025లో టెన్నెసీ టైటన్స్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్, న్యూయార్క్ జెయింట్స్ మూడూ 17 మ్యాచ్‌ల్లో మూడేసి గెలిచాయి. ఈ లెక్క ప్రకారం టైటన్స్‌కి మొదటి వంతు వచ్చింది.

అన్నట్టు, ఇందులో ఒక చోద్యం చెప్పాలి. న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ ఆ ఏడాది చివరి మ్యాచి ఓడి ఉంటే మొదటి వంతు వాళ్ళదే. వాళ్ళు బఫెలో మీద గెలిచి కూర్చున్నారు. నాలుగో వంతుకి పడిపోయారు. గెలిచిన రోజే కోచిని తీసేశారు కూడా! "ఓడితే బాగుండేదని అభిమానులే తిట్టుకున్నారమ్మా" అని మా వాడు చెబితే, ఇదేం లోకంరా నాయనా అనుకున్నాను.

వరుస రాశాక అసలు పని. ఎవరింట్లో ఏం నిండుకుందో చూడాలి. ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నెలాఖరున డబ్బాలు తీసి చూసుకుని చీటీ రాయమా? అట్లాగే. ప్రతి జట్టు పేరు పక్కనా రెండు మూడు లోటులు రాసుకోవాలి. బంతి విసిరే నాయకుడు, వాణ్ణే క్వార్టర్‌బ్యాక్ అంటారు, ఉన్నాడా లేడా? వాణ్ణి కాపాడే ముందు వరుసలో ఎవరైనా వెళ్ళిపోయారా? బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి వయసు మీద పడిందా? మార్చి నెల మధ్యలో గడువు తీరిన ఆటగాళ్ళు ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి మారతారు. కాబట్టి ఫిబ్రవరిలో రాసిన లోటుల చీటీ మార్చి ఆఖరుకి పనికిరాదు. మా వాడు పెన్సిలు అన్నది ఇందుకే.

ఆ పక్క పేజీలో కుర్రాళ్ళ జాబితా. నలభై యాభై పేర్లు చాలు. ఎవరు ఏ స్థానంలో ఆడతాడు, ఏ కాలేజీ, ఎత్తు, బరువు. ఈ వివరాలన్నీ ఇండియానాపొలిస్‌లో ఫిబ్రవరి చివర జరిగే కంబైన్ అనే పరీక్షల్లో బయటపడతాయి. మూడు వందల పైచిలుకు కుర్రాళ్ళని పిలిచి జట్ల వాళ్ళు చూస్తారు. మా వాడు ఇది చెబుతుంటే నాకు నవ్వాగలేదు. అచ్చం పెళ్ళిచూపులేనండీ! ఎత్తు కొలుస్తారు. బరువు తూస్తారు. 40 గజాలు పరుగెత్తిస్తారు. 102 కిలోల బరువు ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కపెడతారు. గదిలో కూర్చోబెట్టి అమ్మానాన్నల గురించి, అలవాట్ల గురించి ప్రశ్నలు. చెయ్యి చాపించి బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా జాన కొలుస్తారంటే నమ్ముతారా? 2022లో కెన్నీ పికెట్ అనే కుర్రాడి జాన ఎనిమిదిన్నర అంగుళాలే వచ్చిందని దేశమంతా మాట్లాడుకున్నారు. అయినా పిట్స్‌బర్గ్ స్టీలర్స్ వాళ్ళు 20వ వంతులో తీసుకున్నారు. నన్ను చూడ్డానికి తెనాలి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు "అమ్మాయి ఒకసారి నడిచి చూపించమ్మా" అన్నారు. మా వాడికి ఆ సంగతి చెప్పాను. "నీ టైమ్ ఎంతమ్మా?" అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాం. మావారు పక్కగదిలోంచి వచ్చి ఏమైందని అడిగారు, చెప్పలేదు.

అయితే పెళ్ళిచూపుల మార్కులు కాపురానికి పనికి రావని మనకు తెలిసినట్టే వాళ్ళకీ తెలియాలి, కానీ తెలియదు. 2017లో జాన్ రాస్ అనే కుర్రాడు 40 గజాలు 4.22 సెకన్లలో పరుగెత్తి రికార్డు కొట్టాడు. తొమ్మిదో వంతులో తీసుకున్నారు. పెద్దగా రాణించలేదు. టామ్ బ్రేడీ 5.28 సెకన్లు తీసుకున్నాడు. 2000లో 198 మందిని పిలిచాక, 199వ వాడుగా పిలిచారు. ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. కాబట్టి కుర్రాళ్ళ జాబితా రాసేటప్పుడు పరుగు సమయం చూడండి గానీ, కాలేజీలో మూడేళ్ళు ఏం చేశాడో దానికే ఎక్కువ విలువ ఇవ్వండి. ఇది నా అభిప్రాయం. మా వాడు ఒప్పుకోడు.

ఇప్పుడు ఒకటో అంకె దగ్గర కూర్చుని వరుసగా దిగాలి. ఆ జట్టు లోటేమిటి, ఉన్నవాళ్ళలో మంచివాడెవడు, రెండూ కలిస్తే పేరు రాసెయ్యడం, జాబితాలో కొట్టెయ్యడం. ఇక్కడే అత్తాకోడళ్ళ తగువు లాంటిది ఒకటుంది. లోటు చూసి తీసుకోవాలా, ఉన్నవాళ్ళలో గొప్పవాణ్ణి తీసుకోవాలా? చింతపండు అయిపోయి బజారుకెళితే జీడిపప్పు చవగ్గా కనిపించినట్టు. జట్ల వాళ్ళంతా గొప్పవాణ్ణే తీసుకుంటామని పైకి చెబుతారు. మా వాడు ఏళ్ళుగా చూసి చెప్పేదేమిటంటే, లోటు లోపల కూర్చుని వాళ్ళ చెయ్యి లాగుతూనే ఉంటుంది.

స్థానాలకి కూడా ఎక్కువ తక్కువలున్నాయి. క్వార్టర్‌బ్యాక్ లేని ఇల్లు ఇల్లు కాదు. అందుకని వాళ్ళని ఉన్న విలువకన్నా ముందే పిలిచేస్తారు. 2024లో మొదటి పన్నెండు వంతుల్లో ఆరుగురు వాళ్ళే. అదే ఏడాది మార్చిలో అట్లాంటా ఫాల్కన్స్ కర్క్ కజిన్స్ అనే పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ని బోలెడు డబ్బు పోసి తెచ్చుకున్నారు. ఇంక వాళ్ళకి ఆ లోటు లేదని అందరూ తమ కాగితాల మీద కొట్టేసుకున్నారు. ఏప్రిల్లో ఎనిమిదో వంతులో మళ్ళీ క్వార్టర్‌బ్యాక్‌నే పిలిచారు, మైకేల్ పెనిక్స్‌ని. ఇంట్లో కొత్త గ్రైండరుండగా ఇంకో గ్రైండరు. ఇట్లాంటివి ఎవరికీ అందవు, వదిలెయ్యండి. క్వార్టర్‌బ్యాక్ తర్వాత వాణ్ణి కాపాడేవాళ్ళు, అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్ళు, బంతి అందుకునే రిసీవర్లు, వాళ్ళని అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌లు. గార్డులు, సేఫ్టీలు, పరుగెత్తే రన్నింగ్‌బ్యాక్‌లు సాధారణంగా వెనక్కి జరుగుతారు. సాధారణంగా అన్నాను, గుర్తుపెట్టుకోండి.

వంతులు మార్చుకునే బేరం కూడా ఉంది. దాని జోలికి మొదటిసారి వెళ్ళొద్దు. నేను ఆ పుస్తకంలో చూసి జూదం అనుకున్న వేల అంకెలు ఇవేనండీ. 1990ల మొదట్లో మా డల్లాస్ కౌబాయ్స్ జట్టులో కోచి జిమ్మీ జాన్సన్ రోజుల్లో ఒక పట్టిక తయారు చేశారు. మొదటి వంతు విలువ 3000, రెండోది 2600, ఐదోది 1700, పదహారోది 1000, ముప్ఫై రెండోది 590. ముందుకి జరగాలంటే తేడాకి సరిపడా వేరే వంతులు ఇచ్చుకోవాలి. బియ్యానికి పాతబట్టలు మార్చినట్టు. తేడా వస్తే ఎంత దెబ్బో 2023లో కరోలైనా పాంథర్స్‌ని చూడండి. మొదటి వంతు కోసం చికాగో బేర్స్‌కి తమ తొమ్మిదో వంతు, ఇంకా వేరే వంతులు, ఒక మంచి రిసీవరు, పైగా మర్నాటి ఏడు మొదటి రౌండు వంతు ఇచ్చేశారు. ఆ ఏడాది వాళ్ళే అందరికన్నా ఎక్కువ ఓడారు. దాంతో ఆ ఇచ్చిన వంతే 2024లో మొట్టమొదటి వంతయి కూర్చుంది. చికాగో వాళ్ళు దాంతో కేలెబ్ విలియమ్స్‌ని పిలుచుకున్నారు.

మా ఇంట్లో ఇద్దరం చెరో కాగితం రాశాం. ఎవరిది వాళ్ళు చూపించకూడదని షరతు. కానీ పన్నెండో వంతు దగ్గర చూపించుకోక తప్పలేదు, అది మా ఊరి కౌబాయ్స్‌ది కాబట్టి. మా వాడికి రిసీవరు కావాలి, టెటైరోవా మెక్‌మిలన్ అని అరిజోనా కుర్రాడు. నేను గార్డు అన్నాను. జాక్ మార్టిన్ అనే గార్డు పదకొండేళ్ళు కౌబాయ్స్‌కి ఆడి, 2025లో ఆట మానేశాడు. పదకొండేళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి వెళ్ళిపోతే ఆ చోటు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అలబామా కుర్రాడు టైలర్ బుకర్ పేరు రాశాను. "పన్నెండులో గార్డా! అంత ముందు ఎవరూ తీసుకోరమ్మా" అని మా వాడు తలపట్టుకున్నాడు. "నా కాగితం నా ఇష్టం" అన్నాను.

ఇంకొక పేరు దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. షెడర్ శాండర్స్. కొలరాడో క్వార్టర్‌బ్యాక్. తండ్రి డియోన్ శాండర్స్ పెద్ద ఆటగాడు, కౌబాయ్స్‌కీ ఆడాడు, కొలరాడోలో కోచి కూడా ఆయనే. మొదటి రౌండులో వస్తాడని పెద్దపెద్దవాళ్ళు చాలామంది రాశారు. నేను తొమ్మిదో వంతులో న్యూ ఓర్లీన్స్‌కి రాశాను, మా వాడు 21లో పిట్స్‌బర్గ్‌కి.

2025 ఏప్రిల్ 24, గురువారం. గ్రీన్ బే అనే చిన్న ఊళ్ళో పండగ. మా దగ్గర రాత్రి ఏడింటికి మొదలు. ముందు రోజు దోశల పిండి మిగిలి పులిసింది, దాంట్లో కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి పునుగులు వేశాను. అల్లం పచ్చడి. 2025లో ఒక్కో జట్టుకి పది నిమిషాల గడువు ఉండేది కాబట్టి రెండు వాయిలు తీరుబడిగా తీసుకోగలిగాను. ఆ సంగతి టీవీ వాళ్ళు చెప్పరు.

టైటన్స్ క్యామ్ వార్డ్‌ని పిలిచారు. ఇద్దరికీ సరిపోయింది. రెండో పేరు దగ్గరే మా కాగితాలు చిరిగాయి. బ్రౌన్స్ ట్రావిస్ హంటర్‌ని తీసుకుంటారని ఇద్దరం రాశాం. వాళ్ళేమో ఆ వంతుని జాక్సన్‌విల్‌కి అమ్ముకున్నారు, హంటర్ అక్కడికి వెళ్ళాడు. మూడు అబ్దుల్ కార్టర్, జెయింట్స్. నాలుగు విల్ క్యాంబెల్, పేట్రియట్స్. ఆరు యాష్టన్ జెంటీ, రైడర్స్. రన్నింగ్‌బ్యాక్ ఆరోవాడా అని నేను రాయలేదు, మా వాడు రాశాడు. అందుకే సాధారణంగా అన్నాను. మెక్‌మిలన్‌ని ఎనిమిదిలో కరోలైనా ఎగరేసుకుపోయింది, మా వాడు పునుగు చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. పన్నెండో వంతు. కౌబాయ్స్. టైలర్ బుకర్, గార్డు, అలబామా.

నేను అరిచిన అరుపుకి కింది గదిలో పడుకున్న మా చిన్నది లేచొచ్చింది. అట్లకాడ చేతిలోనే ఉంది. మావారు ఆ ఫోటో తీశారు, పంపమంటే పంపను.

తొమ్మిదో వంతు అయిపోయింది, శాండర్స్ పేరు రాలేదు. 21 అయిపోయింది. 25లో జెయింట్స్ వేరే జట్టు వంతు కొనుక్కుని మరీ క్వార్టర్‌బ్యాక్‌ని పిలిచారు, అది జాక్సన్ డార్ట్. రాత్రయిపోయింది. శుక్రవారం రెండో రౌండు, మూడో రౌండు. బ్రౌన్స్ 94లో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని పిలిచారు. ఇతను కాదు. కారణాలు నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు, అవి ఇక్కడ ఎందుకు. ఆ కుర్రాడు ఇంట్లో అందరి మధ్యా ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి నాన్న ఉన్నాడు, పేరుంది, డబ్బుంది. నాకు మాత్రం ఆ తల్లి ఏం చేస్తోందో, తిన్నాడో లేదో అడిగిందో లేదో అని ఉంది.

శనివారం నేను చూడననుకున్నాను, బట్టలున్నాయి. మా వాడు మాత్రం పొద్దున్నుంచీ కదలలేదు. బట్టల బుట్ట తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఐదో రౌండులో, 144వ పేరుగా, అదే బ్రౌన్స్ శాండర్స్‌ని పిలిచారు. మా వాడు టీవీ గొంతు తగ్గించాడు. టీవీ వైపే చూస్తూ అన్నాడు: "ఆ రోజు నేను ఆ లిస్టు మూడుసార్లు చదివానమ్మా. మన పేర్లు వాళ్ళు తప్పు రాస్తారు కదా, ఇంకో అక్షరంతో రాశారేమోనని."

నాకు నోట మాట రాలేదు. నవంబరులో "పోనీలేరా" అన్నదాన్ని కదా, ఈసారి ఏమీ అనలేదు. వాడి సాక్సులు వెతికి జత కలిపి వాడి ఒళ్ళో పెట్టాను. కాసేపటికి "గుమ్మం దాటేదాకా ఏడుపు రాలేదు, బస్సులో వచ్చింది" అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. అవి వాడివి, మీకు చెప్పను. డ్రాఫ్టు అయిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. 257వ పేరు ఎవరిదో ఇద్దరం చూడలేదు.

ఆదివారం లెక్కలు చూసుకున్నాం. మీరు చేసినా ఇట్లా చేసుకోండి, డబ్బు పెట్టకండి. మనం రాసిన పేరు మొదటి రౌండులో వస్తే ఒక మార్కు. సరైన జట్టుకే వస్తే ఇంకో రెండు. మా వాడికి 24 పేర్లు, ఆరు జట్లు, అంటే 36. నాకు 22 పేర్లు, నాలుగు జట్లు, మొత్తం 30. మొదటిసారి రాసినవాళ్ళకి ఇరవై దాటితే మంచిదేనని మా వాడు సర్టిఫికెట్ ఇచ్చాడు. రెండు కాగితాలూ ఫ్రిజ్ తలుపుకి అంటించాం.

అంటిస్తుంటే అడిగాను, "నేను చింపిన పుస్తకంలో కౌబాయ్స్‌కి ఎవరిని రాశావురా?" అని. ఒక నిమిషం ఆలోచించాడు. "అందులో నాలుగు రకాలుగా రాశానమ్మా. మూడోదాంట్లో బుకరే" అన్నాడు. మొహం చూశాను, నవ్వు ఆపుకుంటున్నాడు. నిజమో అబద్ధమో ఇప్పుడు చూద్దామంటే ఆ పుస్తకం ఏదీ? పెన్సిలు తీసుకుని 36 చెరిపి 38 వేశాను.